చందమామల కోసం బెజవాడలో మూడు రోజులు

మా అన్నయ్య కుట్టించిన 1981 చందమామల బైండులో సెప్టెంబరు లేదు. ఆగస్టు తర్వాత పేజీ తిప్పితే నేరుగా అక్టోబరు వస్తుంది. బైండుకి ఇవ్వకముందే ఎవరో చదివి ఇస్తామని పట్టుకెళ్ళి తిరిగివ్వలేదట. ఆ నెల బేతాళుడు ఏ ప్రశ్న వేశాడో, విక్రమార్కుడు ఏం జవాబు చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. పాత సంచికలు స్కాన్ చేసినవి ఇంటర్నెట్లో ఉంటాయి, వెతికితే దొరకొచ్చు. కానీ నేను వెతకలేదు. ఆ కథ కాగితం మీదే చదవాలని పట్టుదల.

అందుకే ఈ జనవరిలో రత్నాచల్ రైలెక్కి విజయవాడ వెళ్ళాను. విశాఖలో మధ్యాహ్నం ఎక్కితే చీకటి పడ్డాక దింపుతుంది. అక్కడ పుస్తక మహోత్సవం ఏటా జనవరి మొదట్లోనే జరుగుతుంది కాబట్టి, పాత కొట్లూ కొత్త స్టాళ్ళూ ఒకే ప్రయాణంలో చూడొచ్చు.

ముందు బస సంగతి. స్టేషనుకి దగ్గరని ఫోనులో బుక్ చేసిన లాడ్జి నాకు అస్సలు నచ్చలేదు. ఫొటోల్లో గది బాగానే ఉంది. తీరా వెళ్తే బాత్రూం వైపు గోడంతా చెమ్మ, ఆ గోడకే బీరువా. రాత్రి అందులో పెట్టిన చీర పొద్దున తీస్తే తడితడిగా ఉంది. ఆ చోట పుస్తకాలు పెట్టి ఉంటే నా ప్రయాణమంతా వృథా అయ్యేది. పాత న్యూస్‌ప్రింటుకి చెమ్మ తగిలితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు, విడదీయబోతే బొమ్మ చిరగొచ్చు. గది మార్చమంటే ఖాళీల్లేవన్నారు. అడ్వాన్సు వదులుకుని గాంధీనగర్లో ఇంకో చోటికి మారాను. మూడు వందలు ఎక్కువే అయినా రెండో అంతస్తు, ఎండ పడే కిటికీ, పుస్తకాలు పరుచుకుని చూసుకోవడానికి పెద్ద బల్ల. ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళు ఏసీ ఉందా లేదా అని అడిగే ముందు గోడ తట్టి చూడండి.

పొద్దున్నే అక్కడికి దగ్గర్లోని బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిన్నాను. పేరు ఊరికే రాలేదు. ఇడ్లీ వేడికి వెన్న కరిగి కారప్పొడిలోకి జారుతుంటే రెండో ప్లేటు చెప్పకుండా ఉండలేం. తిన్నాక మాత్రం సబ్బుతో చేతులు బాగా కడుక్కుని బయల్దేరాను. నూనె వేలు ఒక్కసారి పడినా పాత కాగితం మీద ఆ మరక ఇక పోదు.

పుస్తక మహోత్సవం 1989 నుంచి జరుగుతోంది. చాలా ఏళ్ళు స్వరాజ్ మైదానంలో జరిగేది. ఇప్పుడక్కడ అంబేద్కర్ స్మృతివనం ఉంది. నేను వెళ్ళింది ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంకి. దుమ్ము ఉంది, జనం ఉన్నారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని తిప్పుతున్న నాన్నల్ని చూస్తే ప్రాణం లేచొచ్చింది. కామిక్స్ వెతికేవాళ్ళకి మాత్రం ఇక్కడ దొరికేవి చాలావరకు కొత్త అచ్చులే. అమర చిత్ర కథలు దొంతర్లుగా ఉన్నాయి, ఎక్కువ ఇంగ్లీషువి. తెలుగులో కొన్నే కనిపించాయి.

అమర చిత్ర కథ 1967లో అనంత్ పాయ్ సంపాదకత్వంలో మొదలైంది. టీవీ క్విజ్‌లో పిల్లలు గ్రీకు దేవతల గురించి టకటకా చెప్పి, రాముడి తల్లి పేరు అడిగితే నోరు తెరవలేకపోయారట. అది చూసి ఆయనకి ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. ఇంగ్లీషు వరసలో ‘కృష్ణ’ 11వ నంబరు. ముందు పది నంబర్లూ సిండ్రెల్లా లాంటి పరదేశపు కథలవి. పాతవి సేకరించేవాళ్ళు వెల ఎంత వేశారో, వెనక అట్ట మీద ఏ ప్రకటన ఉందో చూసి అది ఏ కాలపు అచ్చో అంచనా కడతారు. నేను మాత్రం అంత లోతుకి వెళ్ళను. చిన్నప్పుడు చదివిన కాగితం వాసన వస్తే చాలు, కొనేస్తాను. తెనాలి రాముడి కథ తెలుగులో దొరికితే మా మేనకోడలి కూతురికని తీసుకున్నాను.

అసలు సంబరం మర్నాడు. ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్లున్నాయి. మధ్యాహ్నం ఎండకి జనం పల్చబడే వేళ వెళ్తే కొట్టువాళ్ళు తీరిగ్గా మాట్లాడతారు. చాలా కొట్లలో ముందు వరసంతా ఇంజినీరింగు, పోటీ పరీక్షల పుస్తకాలే. చందమామలు కావాలని నోరు తెరిచి అడగాలి. ఒక పెద్దాయన “ఏ కాలానివమ్మా?” అని అడిగి, నేను 81 అనగానే లోపల్నుంచి ప్లాస్టిక్ సంచి ఒకటి తెచ్చి నా ముందు బోర్లించారు.

గంటన్నర అక్కడే ముక్కాలి పీట మీద కూర్చుండిపోయాను. చందమామలు, బాలమిత్ర, బొమ్మరిల్లు లాంటి పిల్లల పత్రికలు, అట్టలు పోయిన ఇంగ్లీషు ఇంద్రజాల్ కామిక్స్. ఇంద్రజాల్ 1964లో మొదలై 1990లో ఆగిపోయింది. అందులో వీరుడు ఫాంటమ్ పుర్రె ఉంగరం చూసి మా అన్నయ్య తన వేలికి సిరాతో గుర్తు వేసుకునేవాడు. అందుకని రెండు తీసుకున్నాను. ఒక్కోటి నూటయాభై చెప్పి నూటపాతికకి ఇచ్చారు. చందమామల్లో 80ల నాటివి ఎనభైకి అటూ ఇటూ, ఇంకా పాతవి అయితే వందలు. నాకు న్యాయంగానే అనిపించింది.

ఒక సంచికలో శంకర్ గీసిన బొమ్మ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కత్తి పట్టిన విక్రమార్కుడు, భుజాన శవం. ఎన్ని వందలసార్లు చూసి ఉంటానో! అయినా ప్రతిసారీ ఆ చెట్ల వెనక ఇంకేదో దాక్కుని ఉందనిపిస్తుంది. 1947 జులైలో మద్రాసులో పుట్టిన పత్రికే గానీ, చందమామకి తెనాలి గాలి బాగా తగిలింది. నాగిరెడ్డిగారితో కలిసి దాన్ని నిలబెట్టిన చక్రపాణిగారిది తెనాలి. 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని నడిపించిన కొడవటిగంటి కుటుంబరావుగారిదీ తెనాలే. కృష్ణ కాలవల దగ్గర మాట్లాడుకునే అంత సాఫీ తెలుగు దేశమంతా పిల్లలకి నోటికొచ్చిందంటే నాకు చాలా గర్వంగా ఉంటుంది. ఆ పెద్దాయనతో ఇదే అంటే “మా అత్తారిదీ తెనాలేనమ్మా” అని టీ తెప్పించారు.

సెప్టెంబరు దొరకలేదు. దొరికింది ఇంకోటి. నా దగ్గర ఉన్న నెలే, అయినా కొన్నాను. చివర్లో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది గుర్తుందా? రెండు ఫొటోలిచ్చి, రెంటికీ జత కుదిరేలా చిన్న వ్యాఖ్యలు రాసి పంపమనేవాళ్ళు. ఆ ప్రతిలో మొదటి ఫొటో కింద పెన్సిలుతో “ఎక్కడికి?” అనీ, రెండోదాని కింద “ఇంటికే!” అనీ ఉంది. ‘క’ గుడి మీద రెండుసార్లు దిద్దిన గుర్తు, పక్కన రబ్బరుతో చెరిపిన మసక. కార్డు మీద రాసి పంపారో లేదో! నలభై ఏళ్ళ కిందట ఎవరో పిల్లో పిల్లాడో ఆ మాట కోసం ఎంతసేపు పెన్సిలు కొరికారో అనుకుంటే, దాని పక్కన మా బైండులోని శుభ్రమైన ప్రతి బోసిగా కనిపించింది.

మూడో రోజు గుంటూరు. బస్టాండులో గుంటూరు బస్సులు వరసగా దొరుకుతాయి, గంటకి కాస్త అటూ ఇటూ ప్రయాణం. బ్రాడీపేటలో అడ్రసులు లైను, అడ్డరోడ్డు కలిపి 4/14 అని చెబుతారు, ఒకసారి అలవాటైతే తప్పిపోవడమంటూ ఉండదు. కానీ నా పనికి ఊరు పెద్దగా కలిసి రాలేదు. తిరిగిన కొట్లన్నిట్లో కోచింగు మెటీరియలే. బాలజ్యోతి పత్రిక సంచికలు రెండు దొరికాయి, అంతే. ఒక్క పూట చాలు.

చివరి మాట పార్సిలు గురించి. క్రితంసారి ఒక ప్రైవేటు కొరియరు ద్వారా పంపించుకుంటే అట్టపెట్టె మూల నలిగి, పై నాలుగు పుస్తకాల మూలలు మడతపడి వచ్చాయి. అడిగితే లోపల వస్తువు బాగానే ఉంది కదా అన్నారు. వాళ్ళకి మూల మడత నష్టం కాదు, నాకు అదే నష్టం. అందుకే ఈసారి మొత్తం చేతి సంచిలోనే తెచ్చుకున్నాను. ఒక్కో పుస్తకం విడిగా ప్లాస్టిక్ కవరులో, రెండేసి మధ్య అట్టముక్క. సెలోటేపు మాత్రం ఎక్కడా వేయలేదు. కొన్నేళ్ళకి దాని జిగురు గోధుమరంగు మరకై కాగితంలోకి దిగుతుంది, తీస్తే అక్షరాలు కూడా వచ్చేస్తాయి.

బయల్దేరేముందు ఇంకోసారి ఆ కొట్టుకి వెళ్ళాను. పెద్దాయన పద్దు పుస్తకం వెనక పేజీలో ‘81 సెప్టెంబరు’ అని రాసుకుని, కింద నా ఫోన్ నంబరు వేసుకున్నారు. దొరికితే కొరియరు చేస్తారా, డబ్బులు ముందే పంపేస్తానన్నాను. “వద్దమ్మా. దొరికితే తీసి పక్కన పెడతాను. మీరే వచ్చి పట్టుకెళ్ళండి” అన్నారు.