విజయవాడలో డ్రోన్ బ్యాటరీ కొంటున్నారా? వోల్టేజ్ చూశాకే డబ్బులివ్వండి

గవర్నర్‌పేటలోని ఒక షాపులో మా అబ్బాయి డ్రోన్‌కి 3ఎస్ లైపో బ్యాటరీ (మూడు సెల్స్ ఉండే లిథియం పాలిమర్ బ్యాటరీ) కొన్నాం. కొత్తదన్నారు, కొత్తదాని రేటే తీసుకున్నారు. ఇంటికొచ్చి ఛార్జింగ్ పెడితే ఛార్జర్ మీద సెల్‌కొకటి చొప్పున ఉన్న మూడు లైట్లలో రెండు పచ్చగా మారాయి. మూడోది ఎంతసేపైనా ఎర్రగానే ఉంది.

ఛార్జర్ పాడైందేమోనని తెలిసినవాళ్ల ఛార్జర్‌తో చూశాం. మళ్లీ అదే సెల్ నిండలేదు. బ్యాటరీకి ఉండే చిన్న తెల్ల ప్లగ్గులో మల్టీమీటర్ పెట్టి చూస్తే రెండు సెల్స్ 4.2 వోల్టులు, మూడోది 3.1. అనుమానమొచ్చి స్టిక్కర్ అంచు లేపాను. కింద రంగు వెలిసిన ఇంకో స్టిక్కర్! ఎర్ర వైరుకి సోల్డరింగ్ కూడా మళ్లీ చేసినట్టుంది, చుట్టూ నల్లగా కాలిన మరక. వాడి పడేసిన బ్యాటరీకి కొత్త చొక్కా తొడిగి అమ్మేశారు.

షాపుకి తీసుకెళితే 'మీరే ఓవర్‌ఛార్జ్ చేసుంటారు, బ్యాటరీకి వారంటీ ఉండదు' అన్నారు. లోపలి స్టిక్కర్ సంగతి అడిగితే జవాబు లేదు. పైగా అక్కడి కుర్రాడు వేరే బ్యాటరీ వైర్లు తగిలించి ఆ సెల్‌ని 'లేపుతా'నన్నాడు. ఎవరైనా అలా అంటే దయచేసి ఒప్పుకోకండి. లైపో అంటుకుంటే మంట క్షణాల్లో పెరుగుతుంది, ఆపడం చాలా కష్టం. పిల్లలు తిరిగే ఇల్లు కదా, నాకు ఆ రాత్రంతా టెన్షనే.

అందుకే కౌంటర్ దగ్గరే ప్రతి సెల్ వోల్టేజ్ చూపించమనండి. వాడని కొత్త బ్యాటరీలో సాధారణంగా ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఉంటుంది, సెల్స్ మధ్య తేడా చాలా తక్కువ. ఒకటి బాగా కిందికుంటే అక్కడే వదిలేయండి. వేళ్లతో నొక్కి చూడండి, ఏమాత్రం ఉబ్బినా వద్దు. కనెక్టర్ పిన్నుల మీద గీతలుంటే ఎవరో వాడినట్టే.

మంచి బ్యాటరీ అయినా మన బెజవాడ ఎండల్లో ఎగరేసిన వెంటనే ఛార్జింగ్ పెట్టకండి, పూర్తిగా చల్లారనివ్వండి. స్కూటర్ డిక్కీలో వదిలేయొద్దు. రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకోవద్దు.

బిల్లులో బ్యాటరీ పేరు, కెపాసిటీ విడిగా రాయించుకోండి. మాకు బిల్లు ఉంది కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాం. డబ్బులు ఇంకా రాలేదు.