యాప్‌లో స్ట్రీకా, రోజూ ఒకే వేళా: వ్యాయామం నిలవాలంటే ఏది మేలు?

వాకింగ్ మొదలుపెట్టి మూడో వారానికి ఆపేసేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: స్ట్రీక్ (వరసగా ఎన్ని రోజులు చేశామన్న లెక్క) చూపించే యాప్ పెట్టుకోవాలా, రోజూ ఒకే వేళకి వెళ్లాలా?

మొదటి వారాల్లో యాప్‌దే పైచేయి. దానికి కారణం మెదడులోని డోపమైన్. దాన్ని ఆనందాన్నిచ్చే రసాయనం అంటుంటారు గానీ, ఆశపెట్టి కదిలించడం, నేర్పించడం దాని అసలు పని. నాడీ శాస్త్రవేత్త వోల్ఫ్రామ్ షుల్ట్జ్ ప్రయోగాల్లో కోతులకి అనుకోకుండా పళ్లరసం దొరికినప్పుడు డోపమైన్ కణాలు చురుగ్గా స్పందించాయి. దీపం వెలిగితే రసం వస్తుందని కోతులు నేర్చుకున్నాక ఆ స్పందన రసాన్ని వదిలి దీపానికి మారింది. దీపం వెలిగీ రసం రాకపోతే ఆ కణాల్లో మామూలుగా ఉండే చురుకు కూడా పడిపోయింది.

యాప్ ఇచ్చే బ్యాడ్జీల కథా ఇలాంటిదేనని నాకనిపిస్తుంది. వస్తుందని ముందే తెలిసిన ఇరవయ్యో బ్యాడ్జీ ఊపునివ్వదు, స్ట్రీక్ తెగితే మాత్రం గట్టిగా తగులుతుంది. పెళ్లికో జ్వరానికో ఒకరోజు పోకుండా ఉండదు కదా! మర్నాడు మళ్లీ షూ వేసుకుంటామా లేదా అన్నదే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. యాప్‌లో సున్నా చూశాక వేసుకోబుద్ధి కాదు.

ఇక్కడే వేళ పద్ధతి గెలుస్తుంది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనంలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పెద్దగా దెబ్బతినలేదు. అయితే ఓపిక కావాలి. 21 రోజులు చాలన్న మాట నమ్మకండి, అందులో తేలిన మధ్యస్థ లెక్క 66 రోజులు. కొందరికి 18, కొందరికి 254 దాకా పడుతుందని అంచనా.

ఈ పద్ధతికీ ఓ లోపం ఉంది. గూగుల్ ఉద్యోగులతో జిమ్ మీద చేసిన ప్రయోగంలో, ఒకే వేళకి వెళ్తేనే డబ్బులు దక్కినవాళ్లు ఆ వేళ తప్పితే ఇక ఆ రోజు వెళ్లడం తగ్గింది. ఎప్పుడు వెళ్లినా డబ్బులు దక్కినవాళ్లే, ఆ డబ్బులు ఆగాక కూడా కాస్త ఎక్కువగా వెళ్లారు. అందుకే నేను గడియారానికి కాకుండా పనికి ముడిపెట్టమంటాను: పిల్లల్ని స్కూల్ బస్సెక్కించగానే నడక. కుదరకపోతే రాత్రి భోజనమయ్యాక.

ఇక మిగతా ఉపాయాల సంగతి. జిమ్‌కి ఏడాది ఫీజు ఒకేసారి కట్టడమా? డిస్కౌంట్ కోసమైతే కట్టండి. తోడు దొరికితే మంచిదే, ఆయన ఊరెళ్లనంత కాలం. వ్యాయామానికి ముందు తాగే ప్రీ వర్కౌట్ పొడుల్లో చాలావాటికి ఊపు కెఫీన్‌దే, అది మన ఫిల్టర్ కాఫీలోనూ ఉంది.

యాప్ ఉంచుకోవాలనిపిస్తే స్ట్రీక్ నోటిఫికేషన్లు ఆపేసి, వారం మొత్తం మీద ఎంత నడిచారో చూసుకోండి.