హారర్ షార్ట్ ఫిల్మ్ తీసేముందు ప్రేక్షకులను అడగడానికి గూగుల్ ఫారమ్స్ ఎంతవరకు పనికొస్తుంది?

జర్నలిజం, విజువల్ కమ్యూనికేషన్ కోర్సుల్లో చివరి సెమిస్టర్ ప్రాజెక్టుగా షార్ట్ ఫిల్మ్ తీయవలసి వచ్చినప్పుడు విద్యార్థుల్లో చాలామంది హారర్‌నే ఎంచుకుంటారు. ఇద్దరు నటులు, ఒక గది, కాస్త చీకటి ఉంటే పని జరిగిపోతుందన్న నమ్మకం అందుకు ఒక కారణం. స్క్రిప్టుతో పాటు ప్రేక్షకుల అధ్యయనాన్ని కూడా జతచేయమని అధ్యాపకులు అడిగితే, ముందుగా గుర్తొచ్చేది ఆన్‌లైన్‌లో ప్రశ్నలు పంపి జవాబులు సేకరించే గూగుల్ ఫారమ్స్. మా బృందం తీసిన చిన్న హారర్ చిత్రానికి కూడా దీన్నే వాడాం. ప్రేక్షకులు ఎవరో, ఎక్కడ ఎలా చూస్తారో, వేటితో విసిగిపోయారో తెలుసుకోవడానికి ఇది చక్కని సాధనం. వాళ్ళు దేనికి భయపడతారన్నది మాత్రం మనం అడిగే తీరును బట్టే తెలుస్తుంది.

గూగుల్ ఖాతా ఉన్నవాళ్ళెవరైనా దీన్ని ఉచితంగా వాడుకోవచ్చు. ప్రశ్నలూ జవాబులూ తెలుగులోనే ఉండవచ్చు, లింకును వాట్సాప్‌లో పంపితే సరిపోతుంది, జవాబులు వస్తున్న కొద్దీ చార్టులు వాటంతటవే తయారవుతాయి. అయితే అసలు పని మొదలయ్యేది జవాబులను, వరుసల పట్టికగా చూపే గూగుల్ షీట్స్‌లోకి పంపుకున్న తర్వాతే. చార్టు ఒక్కో ప్రశ్నను విడిగా చూపిస్తుంది. షీట్‌లో ఫిల్టర్ పెడితే, ఫోనులో చూసేవాళ్ళు నిడివి గురించి ఏమన్నారో, టీవీలో నలుగురితో కలిసి చూసేవాళ్ళు ఏమన్నారో పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. రాత్రిపూట ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒంటరిగా చూసేవాళ్ళే ఎక్కువని తేలాక, చీకటి షాట్లను చిన్న తెర మీద కనబడేంత వెలుతురుతో తీయాలనీ, సంభాషణలు తగ్గించి చిన్న చిన్న శబ్దాల మీద శ్రద్ధ పెట్టాలనీ షూటింగుకు ముందే నిర్ణయించుకోగలిగాం.

ప్రశ్నల రకాల్లో విద్యార్థులు ఎక్కువగా ఆధారపడేది ఎంపికలిచ్చి టిక్కు పెట్టమనే వాటి మీద. ‘మీకు ఏ రకం హారర్ ఇష్టం?’ అని అడిగి దెయ్యం, చేతబడి, సైకో కిల్లర్, హారర్ కామెడీ అని నాలుగు ఎంపికలు ఇస్తే నిండైన చార్టు ఒకటి వస్తుంది కానీ, కథకు పనికొచ్చేది ఏమీ రాదు. ఇష్టాయిష్టాల గురించి అడిగితే జనం అంతకుముందు చూసిన సినిమాలనే తిప్పి చెబుతారు. దానికి బదులు పేరాగ్రాఫు రకం ప్రశ్న తీసుకుని, ‘రాత్రి ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఏ చప్పుడు విని లేచి వెళ్ళి చూశారు? ఏ గదిలో?’ అని అడగాలి. మాకు వచ్చిన జవాబుల్లో పాడుబడ్డ బంగళాలు లేవు, తెల్లచీరలు లేవు. వంటింట్లో దానంతటదే జారిపడిన గరిటె ఉంది. కరెంటు పోయాక ఫ్యాను ఆగుతూ ఆగుతూ చేసే కిర్రు ఉంది. తాళం వేసి ఉన్న పక్క ఫ్లాట్‌లోంచి కుక్కర్ కూత వినిపించిందని ఒకరు రాశారు. ఆ జవాబు చదివాక ఊరి చివర బంగళా ఆలోచన మానుకుని, కథను అపార్ట్‌మెంట్‌లోకి మార్చాం. లొకేషన్ అద్దె, ప్రయాణ ఖర్చు తగ్గాయి. అంతకంటే ముఖ్యంగా, కథలోని భయం చూసేవాళ్ళ ఇంటి గోడ దాకా వచ్చింది.

ఇలాంటి ప్రశ్నలకు రాయడానికి జనం బద్ధకిస్తారు కాబట్టి రెండుకు మించకుండా, ఫారం మొదట్లోనే పెట్టడం మేలు. ఈమెయిల్ సేకరించే సెట్టింగును ఆపి, ఆ సంగతి పైన వివరణలోనే రాయాలి. పేరు బయటపడుతుందనుకుంటే భయపడ్డామని ఒప్పుకునేవాళ్ళు తక్కువ, అబ్బాయిల్లో మరీ తక్కువ. వయసు అడిగేటప్పుడు పదేసి ఏళ్ళ చొప్పున విడగొట్టే బదులు, 2023 నాటి సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం సినిమా సర్టిఫికెట్లలో వయసును బట్టి తెచ్చిన యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ వర్గాలకు సరిపోయేలా విడగొట్టుకుంటే, రక్తం, హింస ఎంతవరకు చూపాలన్న చర్చకు ఒక ఆధారం దొరుకుతుంది.

జవాబును బట్టి వేర్వేరు విభాగాలకు పంపే సదుపాయం ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చింది. హారర్ చూడనన్నవాళ్ళకు అక్కడితో ధన్యవాదాలు చెప్పి పంపేయడం చాలా సర్వేల్లో కనిపిస్తుంది. వాళ్ళను వేరే విభాగానికి పంపి, ఎందుకు మానేశారో అడగాలి. హఠాత్తుగా చెవులు పగిలేలా వచ్చే శబ్దం తమకు భయం కలిగించదనీ, చిరాకు తెప్పిస్తుందనీ మాకు స్పష్టంగా చెప్పింది వీళ్ళే. స్క్రిప్టులో ఉన్న జంప్ స్కేర్లలో (ఒక్కసారిగా ఉలిక్కిపడేలా చేసే ఘట్టాల్లో) ఒక్కటి మిగిల్చి తక్కినవి తీసేయడానికి ఆ మాటే కారణం.

ఇక లోపాలు. హారర్‌కు ప్రాణం శబ్దం, కానీ ఫారంలో ఆడియోను నేరుగా పెట్టే వీలు లేదు. బొమ్మలు, యూట్యూబ్ వీడియోలు మాత్రమే పెట్టగలం. నల్లటి తెర మీద శబ్దాన్ని చేర్చి, యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్ళకే కనిపించేలా) ఎక్కించి ఫారంలో జతచేయడం ఒక మార్గం. ఒకే షాట్‌ను రెండు రకాల శబ్దాలతో పరీక్షించాలంటే, సగం మందికి ఒకటి, సగం మందికి మరొకటి చూపించే ఏర్పాటు ఫారంలోనే లేదు. కాబట్టి ఫారంకు నకలు తీసి, రెండు బృందాలకు వేర్వేరు లింకులు పంపాలి. శ్రమే అయినా ఈ పరీక్ష చేసి తీరాలి. అడ్డం, నిలువు గళ్ళలో టిక్కు పెట్టమనే గ్రిడ్ రకం ప్రశ్నలు ఫోనులో ఇరుకుగా కనిపిస్తాయి, వాటి జోలికి పోకపోవడమే మంచిది. ఒక్కరు ఒక్కసారే జవాబివ్వాలన్న నిబంధన పెడితే గూగుల్‌లో సైన్ ఇన్ కావలసి వస్తుంది, అది చూసి కొందరు వెనక్కి వెళ్ళిపోతారు. లింకు క్లాసు గ్రూపులోనే తిరిగితే వచ్చేది స్నేహితుల అభిప్రాయమే. దాన్ని ప్రేక్షకుల అభిప్రాయమని నివేదికలో రాయడం న్యాయం కాదు. హాస్టల్ వార్డెన్, జెరాక్స్ షాపు కుర్రాడు, ఇంటి దగ్గరి పిన్ని, బాబాయ్‌లకు కూడా ఆ లింకు చేరాలి.

ఫారం ఎంత బాగా తయారుచేసినా, భయపడుతున్న మనిషిని చూడటానికి అది ప్రత్యామ్నాయం కాదు. సుమారు 15 వేల డాలర్లతో ఓరెన్ పెలి తన ఇంట్లోనే తీసిన ‘పారానార్మల్ యాక్టివిటీ’ని 2009లో పారామౌంట్ విడుదల చేసినప్పుడు, ముందుగా కాలేజీ పట్టణాల్లో అర్ధరాత్రి ఆటలు వేశారు, తమ ఊళ్ళోనూ వేయమని ప్రేక్షకులే ఒక వెబ్‌సైటులో కోరే ఏర్పాటు చేశారు. విద్యార్థులకు అంత వ్యవస్థ ఉండదు కానీ, ఎడిటింగ్ ఇంకా పూర్తికాని రఫ్ కట్‌ను ఒక చీకటి గదిలో పదిమందికి చూపించి, తెరకు బదులు వాళ్ళ ముఖాలను గమనించడానికి ఖర్చేమీ కాదు. ఆట అయిన వెంటనే వాళ్ళకు రెండో ఫారం ఇవ్వాలి. అందులో 1 నుంచి 5 దాకా ఉండే లీనియర్ స్కేలు బాగా పనికొస్తుంది, అయితే ఆ అంకెలకు అర్థం చెప్పాలి: 1 దగ్గర ‘ఏమీ అనిపించలేదు’ అనీ, 5 దగ్గర ‘కళ్ళు మూసుకున్నాను’ అనీ రాయాలి. ముగింపును ఏ సన్నివేశం దగ్గర ఊహించారో, ఎక్కడ ఫోను తీసి చూసుకున్నారో కూడా అడగాలి. ఈ రెండు జవాబులూ ఎడిటింగ్ బల్ల దగ్గర నేరుగా అక్కరకొస్తాయి.

మొదటి ఫారంను మాత్రం స్క్రిప్టు తుది రూపానికి రాకముందే, లొకేషన్‌కు అడ్వాన్సు ఇవ్వకముందే పంపండి. అన్నీ ఖాయమయ్యాక పంపితే, ఆ జవాబులు నివేదికలో చార్టులు అతికించడానికి తప్ప మరెందుకూ పనికిరావు.