రిచ్‌మండ్ హత్య నడక: కథ బాగుంది, పోలీసులకే చోటు తగ్గింది

నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. మమ్మల్ని చూడటానికి లండన్ వచ్చిన ఆయనకి మ్యూజియంలు బోర్ కొట్టేశాయని, రిచ్‌మండ్‌లో పాత హత్యల గురించి చెప్పే వాకింగ్ టూర్‌కి తీసుకెళ్లాను. మనిషికి 15 పౌండ్లు, రెండు గంటలు.

గైడ్ మాటకారి. 1879 మార్చి 2, ఆదివారం. జూలియా థామస్ అనే వితంతువుని పనిమనిషి కేట్ వెబ్‌స్టర్ చంపి, ముక్కలు చేసి, బట్టలు ఉడకబెట్టే రాగి కాగులో ఉడికించింది. ఆ ముక్కలు నింపిన పెట్టెని ఒక కుర్రాడి సాయంతో మోయించుకొచ్చి రిచ్‌మండ్ బ్రిడ్జి మీదనుంచి థేమ్స్‌లో పడేసింది. మార్చి 5న అది బార్న్స్ బ్రిడ్జి దగ్గర దొరికింది, తల మాత్రం దొరకలేదు. యజమానురాలి బట్టలు తొడుక్కుని, ఆమె పేరుతోనే చలామణీ అయి, ఇంట్లో సామాను అమ్మబోయింది కూడా! జూలై 29న ఉరి తీశారు. సరిగ్గా బ్రిడ్జి మీద నిలబెట్టి ఇదంతా చెబుతుంటే ఒళ్లు జలదరించింది. బస్సుల రొదలో సగం మాటలు వినపడలేదు, అది వేరే సంగతి.

శవాన్ని ఉడికిస్తే వచ్చిన కొవ్వుని కేట్ ఇరుగుపొరుగుకి అమ్మిందనే పుకారు మీదే పావుగంట తినేశాడు. "కోర్టులో నిలవని మాట రా అది" అని నాన్న గొణిగారు.

అసలు సంగతి 2010లో ఉంది. టీవీలో ప్రకృతి డాక్యుమెంటరీలు చేసే డేవిడ్ అటెన్‌బరో తన ఇంటి పక్కన, పాత పబ్ ఉన్న చోట పనులు చేయిస్తుంటే పుర్రె బయటపడింది. కార్బన్ పరీక్షలో 1650-1880 మధ్యదని తేలింది. ఉడికించిన ఎముకలో ఉన్నట్టే కొలాజెన్ అనే ప్రొటీన్ తక్కువ. పోలీసులు జనాభా లెక్కలు, పాత రికార్డులు తిరగేశారు. 2011 జూలైలో కరోనర్ (అనుమానాస్పద మరణాల మీద విచారణ జరిపే అధికారి) అది జూలియాదేనని తేల్చారు. దీనికి గైడ్ ఇచ్చింది రెండంటే రెండు నిమిషాలు.

"ముద్దాయిని ఉరితీసి 132 ఏళ్లు. ఫైలు మూసేసినా అడిగే నాథుడు లేడు. అయినా వదల్లేదు చూడు! మా డిపార్ట్‌మెంట్లో అయితే సర్వీసు రికార్డులో మెచ్చుకోలుగా గుడ్ సర్వీస్ ఎంట్రీ పడాల్సిన పని. వీళ్లకి సన్మానం చేశారా, అడగరా" అన్నారు నాన్న. అడిగాను. గైడ్ నవ్వేసి గొడుగు ఎత్తి ముందుకి నడిచాడు.

అయిదుకి మూడు స్టార్లు. మోకాళ్ల నొప్పులుంటే ఆలోచించుకోండి, మధ్యలో కూర్చునే చోటు లేదు. చివర్లో నాన్న గైడ్ చేతిలో అయిదు పౌండ్ల నోటు పెట్టి, "ఆ పోలీసుల పేర్లు కనుక్కుని రేపొచ్చే వాళ్లకైనా చెప్పు బాబూ" అని తెలుగులోనే అన్నారు. ఇంగ్లీషులో చెప్పే పని నాకొచ్చి పడింది.