టాప్ లోడా, ఫ్రంట్ లోడా, పక్కన డ్రయ్యర్ కూడానా? తడి తూచి చూస్తే తేలింది

విశాఖలో మా చెల్లెలు వాళ్లు ఈ మధ్యే తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లోకి మారారు. సముద్రం కనిపిస్తుంది, గాలికి కొదవ లేదు. బాల్కనీలో మాత్రం బట్టలు ఆరేయకూడదు, అది అసోసియేషన్ రూలు. వెనక యుటిలిటీలో ఆరేస్తే ఆ చెమ్మ గాలికి పొద్దున వేసిన జీన్స్ రాత్రికి కూడా నడుం పట్టీ దగ్గర తడిగానే ఉంటోందట. షోరూంకి వెళ్తే అక్కడి అబ్బాయి ఒకే మెషీన్ చూపించి, "ఉతుకుతుంది, ఆరబెడుతుంది, మీరు మడతపెట్టుకోవడమే మేడమ్" అన్నాడు. 65 వేలు. "తీసేసుకోనా అన్నయ్యా?" అని అక్కడి నుంచే ఫోను.

"ఆగమ్మా, ఇంటికెళ్లు. రాత్రి మాట్లాడదాం" అన్నాను.

నేను ఆగమన్నది ఊరికే కాదు. హైదరాబాద్‌లో మా ఇంట్లో తొమ్మిదేళ్లు పైన మూత ఉండే టాప్ లోడ్ వాషింగ్ మెషీన్ నడిచింది. రెండేళ్ల కిందట ముందు తలుపుండే ఫ్రంట్ లోడ్ తెచ్చాం. పాతది పట్టుకెళ్లాల్సిన మనిషి రేపు, ఎల్లుండి అంటూ వారం తిప్పాడు. ఆ వారం రెండు మెషీన్లూ యుటిలిటీలో పక్కపక్కనే ఉన్నాయి. ఇంట్లో అమెరికా ప్రయాణాల కోసం, అంటే ఆవకాయ జాడీలు బరువు మించకుండా చూసుకోవడానికి, కొన్న కొక్కెం త్రాసు ఒకటి ఉంది. దానికి ఒక స్నానపు తువ్వాలు తగిలించాను. పొడిగా అరకిలో తూగింది. పాత టాప్ లోడ్‌లో, నిమిషానికి 700 చుట్ల స్పిన్ అయ్యాక 900 గ్రాములు. అదే తువ్వాలు కొత్త ఫ్రంట్ లోడ్‌లో 1200 చుట్లు తిరిగి వచ్చాక 780. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "తువ్వాలు తూచే మగాణ్ణి నేనెక్కడా చూడలేదు" అంది.

తువ్వాలుకి 120 గ్రాములంటే నవ్వులాటే. కానీ 5 కిలోల బట్టలకి ఆ లెక్క వేస్తే లీటరుకి పైనే నీళ్లు. ఆ నీళ్లు ఎలాగైనా పోవాల్సిందే కదా. తిప్పి వదిలిస్తే మోటారు పది నిమిషాలు తిరుగుతుంది, అయ్యే ఖర్చు పైసల్లో. వేడితో వదిలించాలంటే లీటరు నీరు ఆవిరి కావడానికే 0.6 యూనిట్‌కి పైగా కరెంటుతో సమానమైన వేడి కావాలి. ఏ కంపెనీ మెషీన్ అయినా, ఎంత ఖరీదు పెట్టినా ఈ అంకె మారదు. డ్రయ్యర్‌లో వృథా పోయే వేడి దీనికి అదనం. షోరూంలో మనకి చూపించేవి రంగులు, డిస్‌ప్లేలు, ఫోన్‌లో యాప్. నేనైతే ముందు చదివేది స్పిన్ అంకె.

సరే, ముందు ఉతికే మెషీన్ల సంగతి.

ఉతికే తొట్టి, పిండే తొట్టి వేరుగా ఉండే సెమీ ఆటోమేటిక్‌ని చాలామంది చిన్నచూపు చూస్తారు. నేను చూడను. 10, 12 వేలల్లో వస్తుంది. నల్లా రోజూ రాని ఊళ్లో బకెట్‌తో పోసుకున్నా నడుస్తుంది. ఒకసారి కలిపిన సబ్బు నీళ్లలోనే ముందు తెల్లవి, తర్వాత రంగువి, చివరికి కాళ్లు తుడుచుకునే పట్టాలు తిప్పేయొచ్చు. ఇది మామూలు ఆటోమేటిక్‌లో కుదరదు. స్పిన్ తొట్టి 1300 చుట్లు తిరుగుతుంది. తొట్టి చిన్నది కాబట్టి ఆ అంకెని ఫ్రంట్ లోడ్ అంకెతో సమానంగా చూడకూడదు గానీ, చౌక టాప్ లోడ్ కంటే బాగానే పిండుతుంది. కాకపోతే పక్కన మనిషి ఉండాలి. పనమ్మాయి చేసే ఇంటికైతే ఇంతకు మించి దండగ. మా చెల్లెలూ బావగారూ ఇద్దరూ ఉద్యోగస్థులు కాబట్టి వాళ్లకి ఇది లెక్కలోకి రాదు.

టాప్ లోడ్ 18 నుంచి 25 వేలు. మధ్యలో మూత తీసి మర్చిపోయిన సాక్సు వేయొచ్చు, నడుం వంచక్కర్లేదు, మా అమ్మకి అదే ఇష్టం. గంటలోపే పని అయిపోతుంది. నీళ్లు మాత్రం ఒక్కో విడతకి వంద లీటర్లు దాటుతాయి. ఫ్రంట్ లోడ్‌కి అందులో సగం చాలు. ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే కాలనీల్లో ఉన్నవాళ్లకి ఈ తేడా వేసవిలో బాగా తెలుస్తుంది.

ఫ్రంట్ లోడ్ బట్టని నీళ్లలో నానబెట్టి మెలితిప్పదు, పైకెత్తి కింద పడేస్తుంది. రేవులో బండ మీద బాదిన పద్ధతికి కాస్త దగ్గర. కాటన్ చీరలు టాప్ లోడ్‌లో తాళ్లలా పురిపడి వచ్చేవి, ఇందులో అలా రావు. 8 కిలోలది, 1400 చుట్లది 35 వేల దగ్గర దొరుకుతోంది. లోపల హీటర్ ఉంటుంది కాబట్టి నూనె మరకలు, కాలర్ మురికి వదులుతాయి. పసుపు మరకకి మాత్రం ఏ హీటరూ పనికిరాదు. తడి మీదే ఎండలో వేస్తే రెండు పూటల్లో అదే వెలిసిపోతుంది. సాంబారు ఒలికిన చొక్కాకి ఎండని మించిన మెషీన్ ఇంకా రాలేదు.

దీని తిప్పలూ చెప్పాలి. మా బోరు నీళ్లు ఎంత ఉప్పంటే గిన్నెల మీద తెల్లటి పొర కడుతుంది. తాగే నీటికి భారత ప్రమాణం ప్రకారం కాఠిన్యం, అంటే నీటిలో కరిగిన సున్నం లాంటి లవణాలు, లీటరుకి 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. అంత గట్టి నీళ్లు వాడే ఇంట్లో హీటర్ మీద సున్నం పేరుకుంటుంది. పైగా సబ్బు కొంత ఆ నీటికే పోతుంది. నెలకోసారి డీస్కేలింగ్ పొడి వేసి ఖాళీగా తిప్పుతున్నాం. తలుపు రబ్బరు మడతల్లో నీళ్లు నిలిచి నల్లటి మచ్చలు వస్తాయి, తుడిచి తలుపు ఓరగా వదిలేయాలి. మొదటి నెల మామూలు పౌడర్ వేశాం. నురుగు పొంగి మెషీన్ మధ్యలో ఆగిపోయింది. కంపెనీ మనిషి వచ్చి డ్రాయర్ తెరిచి చూసి, ఏమీ అనకుండా మా వైపు చూశాడు. అప్పటి నుంచి ఫ్రంట్ లోడ్ లిక్విడే.

ఇంకొకటి, పై అంతస్తుల వాళ్లు మర్చిపోయేది. పది మీటర్ల ఎత్తు నుంచి దిగిన నీటికి ఒక బార్ ఒత్తిడి వస్తుంది. ట్యాంకు సరిగ్గా నెత్తి మీదే మూడు మీటర్ల పైన ఉంటే 0.3 బార్ మాత్రమే. చాలా మెషీన్లకి అది అంచు మీద ఉన్నట్టే. నీళ్లు ఎక్కక గంట పని గంటన్నర పడుతుంది. మా చెల్లెలి మీద ఇంకా నాలుగు అంతస్తులు ఉన్నాయి కాబట్టి ఆ బెంగ లేదు.

ఇప్పుడు ఆ 65 వేల కాంబో మెషీన్, ఉతకడమూ ఆరబెట్టడమూ ఒకదాంట్లోనే. దాని మీద 8/5 అని రాసి ఉంటుంది. ఉతకడం 8 కిలోలు, ఆరబెట్టడం 5. అంటే నిండుగా ఉతికితే, ఆరబెట్టే ముందు తలుపు తీసి 3 కిలోల తడి బట్టలు బయటికి లాగాలి. మరి "మడతపెట్టుకోవడమే" ఏమైనట్టు? ఉతుకు గంటన్నర, ఆరడం మూడు గంటల పైన, అంతసేపూ రెండో విడతకి మెషీన్ ఖాళీ ఉండదు. చాలా మోడళ్లు ఆవిరిని చల్లార్చడానికి మళ్లీ కుళాయి నీళ్లే వాడతాయి. ఒక భాగం పాడైతే రెండు పనులూ ఆగుతాయి. ఒంటరిగా ఉండే ఉద్యోగికి, రోజుకి రెండు జతలు ఉతికేవాడికి, చోటు బొత్తిగా లేని చిన్న ఫ్లాట్‌కి ఇది బాగానే ఉంటుంది. ఇద్దరు పిల్లల యూనిఫాంలు, దుప్పట్లు ఉన్న ఇంటికి నేను ఒప్పుకోను.

విడిగా డ్రయ్యర్ కొంటే ముఖ్యంగా చూడాల్సినవి రెండు రకాలు. గొట్టంలోంచి వేడి ఆవిరిని బయటికి వదిలేది, 7 కిలోలది 30 వేల దరిదాపు. హీట్ పంప్ రకం, లోపల ఏసీలో లాగా కంప్రెసర్ ఉండి వేడిని తిరిగి వాడుకుంటుంది, ఆవిరి నీరై ఒక డబ్బాలో చేరుతుంది. 60 వేల పైమాటే. షోరూంలో రెండోదానికి "కరెంటు సగమే" అంటారు. నిజమే, సగమే. దాన్ని రూపాయల్లోకి మార్చి చూద్దాం.

5 కిలోల బట్టలకి గొట్టం డ్రయ్యర్ రెండున్నర యూనిట్లు తాగుతుందనుకోండి, హీట్ పంప్‌ది 1.2. తేడా 1.3 యూనిట్లు. నెల వాడకం పెరిగి పై శ్లాబులోకి పోతే ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా యూనిట్ 9 రూపాయల చుట్టూ పడుతుంది, అంటే విడతకి 12 రూపాయల ఆదా. ముసురు నాలుగు నెలలూ వారానికి మూడుసార్లు వాడితే ఏడాదికి 50 విడతలు, 600 రూపాయలు. అదనంగా పెట్టిన 30 వేలు తిరిగి రావడానికి 50 ఏళ్లు! అదే రోజూ, ఏడాది పొడవునా డ్రయ్యరే గతి అయిన ఇల్లయితే ఏడేళ్లలో వస్తుంది. హీట్ పంప్ వేడి తక్కువ కాబట్టి బట్ట కూడా మెత్తగా మన్నుతుంది. బయటికి గొట్టం పెట్టే వీలే లేని ఇంటికి ఈ రెండిట్లో అదొక్కటే దారి. గొట్టం రకాన్ని మూసిన గదిలో తిప్పితే రెండు మూడు లీటర్ల నీరు గోడలకి పట్టి బూజు కడుతుంది.

అమెరికాలో కొన్నాళ్లుండి వచ్చిన మనవాళ్లు ఇక్కడి డ్రయ్యర్ చూసి పెదవి విరుస్తారు. అక్కడ ముప్పావు గంటలో కాల్చిన అప్పడాల్లా వచ్చేవి అంటారు. అక్కడి ఎలక్ట్రిక్ డ్రయ్యర్ హీటర్ 5 కిలోవాట్ల చుట్టూ ఉంటుంది, ఇక్కడిది రెండు. గంటన్నర, రెండు గంటలు పడుతుంది. ఉతికే మెషీన్ హీటర్, ఇది కలిపి ఒకే 16 ఆంపియర్ల ప్లగ్గు మీద నడపకూడదు. రెండు లైన్లు ఉండాల్సిందే. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు బిల్లు కట్టని ఇళ్లయితే ఇంకో చిక్కు. డ్రయ్యర్ వల్ల గీత దాటితే ఆ నెల మొత్తం కట్టుకోవాలి.

పట్టు చీర, జరీ, గంజి పెట్టిన పంచె డ్రయ్యర్ మొహం చూడకూడదు. దీపావళి తలంటు రోజు నూనె పీల్చిన తువ్వాళ్లు అసలే వద్దు. ఉతికినా నూనె పూర్తిగా పోదు, వేడికి అంటుకునే ప్రమాదం ఉంది. నూలు పోగులు చేరే జల్లెడ ప్రతిసారీ దులపాలి.

రాత్రి ఇవన్నీ చెప్పాక మా చెల్లెలు, "అయితే నీ లెక్క ప్రకారం ఏది కొనాలో ఒక్క ముక్కలో చెప్పు" అంది.

1400 చుట్ల ఫ్రంట్ లోడ్ ఇప్పుడు కొను, 35 వేలు. డ్రయ్యర్ డబ్బు 30 వేలు పక్కన పెట్టు. ఖాళీగా ఉన్న చిన్న గదిలో తాడు లాగితే పైకెళ్లే కప్పు దండెం బిగించి, ఫ్యాను వేసి, వేళకి కిటికీ తెరిచి ఒక వానాకాలం గడిపి చూడు. ఆ లీటరు నీరు ముందే పోయి ఉంటే రాత్రి వేసిన యూనిఫాం పొద్దుటికి ఆరుతుంది. అక్టోబరు దాటేదాకా చూసి కూడా చాలకపోతే అప్పుడు గొట్టం డ్రయ్యర్ తెచ్చి మెషీన్ మీదే ఎక్కించు. అందుకే ఉతికేది కొనేటప్పుడే, దాని మీద నిలబెట్టే స్టాండు ఆ మోడల్‌కి దొరుకుతుందో లేదో అడుగు. మొత్తం ఖర్చు ఆ కాంబోకి పెట్టబోయినంతే.

ఎల్‌జీ, శామ్‌సంగ్, బాష్, ఐఎఫ్‌బీ అంటూ కంపెనీ పేర్లు అడిగింది. ఆ నలుగురిలో ఎవరిదైనా సరే, మీ వీధిలో పాత మెషీన్ ఉన్న ఇద్దర్ని అడిగి మెకానిక్ ఎన్నాళ్లకి వస్తున్నాడో కనుక్కో అన్నాను. యుటిలిటీ తలుపు వెడల్పు కూడా కొలవమన్నాను.

మర్నాడు పొద్దున్నే ఫోటో వచ్చింది. టేపు చివర బావగారి బొటనవేలు, అంకె 58 సెంటీమీటర్లు. మెషీన్ వెడల్పు 60. "ఇప్పుడేం చేద్దాం?" అని కింద రాసింది. తలుపు రెక్క మందం అందులో పోయింది కదా, బందులు విప్పి రెక్క పక్కన పెడితే ఇంకో నాలుగు సెంటీమీటర్లు వస్తాయి అన్నాను. వడ్రంగి శనివారం వస్తానన్నాడట.