పాతికేళ్ల వినికిడి తర్వాత 'రఫీస్ రివెంజ్'

లండన్ సంగీత బృందం ఏషియన్ డబ్ ఫౌండేషన్ రెండో ఆల్బమ్ 'రఫీస్ రివెంజ్' 1998లో వచ్చింది. నేను దాన్ని 2000లో, లండన్‌లో చదువుకుంటున్న రోజుల్లో, పాత సీడీలు అమ్మే ఒక దుకాణంలో కొన్నాను. అప్పట్లో అద్దె గదిలోని చిన్న ప్లేయర్‌లో, హైదరాబాదుకు తిరిగివచ్చాక కారులో, నాలుగేళ్లుగా ఇంట్లోని పెద్ద స్పీకర్లలో వింటున్నాను. మూడు చోట్లా అది మూడు వేర్వేరు ఆల్బమ్‌లుగా వినిపించింది. అందుచేత ఫోను స్పీకరులో విని ఎవరైనా చెప్పే అభిప్రాయాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

కారణం బేస్, అంటే పాట అడుగున మోగే మంద్ర స్వరాలు. ఈ ఆల్బమ్‌లో రెండు రకాల సంగీతం కలుస్తాయి. రేవ్ అనే డాన్సు పార్టీల సంగీతం నుంచి పుట్టిన జంగిల్ లయ నిమిషానికి 160 దెబ్బలు దాటి పరుగెడుతుంది; జమైకా సంగీతమైన రెగే సుమారు దానిలో సగం వేగంతో నింపాదిగా నడుస్తుంది. ఆ లెక్క కుదరడం వల్లనే పైన డ్రమ్ములు ఉరుకుతున్నా కింద బేస్ తాపీగా అడుగులు వేయగలుగుతుంది, ర్యాప్ పాడే గాయకుడు తన ఇష్టాన్ని బట్టి ఈ రెండు వేగాల్లో ఏదో ఒకదాన్ని పట్టుకోగలుగుతాడు. చిన్న ప్లేయర్‌లో గాయకుడు డీడర్ జమాన్ గొంతు, తాళాల చప్పుడు తప్ప ఏమీ మిగలవు కనుక అప్పట్లో నాకు ఇదంతా ఊరేగింపులో నినాదాల్లా తోచింది. పెద్ద స్పీకర్లలో విన్నప్పుడు గానీ బృందంలో బేస్ వాయించే డాక్టర్ దాస్ ఎంత ఓపికగా పాటను మోస్తున్నదో తెలియలేదు. గిటారు తంత్రులన్నింటినీ ఒకే స్వరానికి శ్రుతి చేసే గిటారిస్టు చంద్రసోనిక్ పద్ధతి కూడా అప్పుడే అర్థమైంది. అది మన తంబురా శ్రుతిలా వెనక నిలబడి, అవసరమైనప్పుడు మాత్రం రంపంలా కోస్తుంది.

ఈ బృందం 1993లో లండన్‌లోని కమ్యూనిటీ మ్యూజిక్ అనే శిక్షణ సంస్థలో పుట్టింది. అక్కడ దాస్ గురువు, డీడర్ విద్యార్థి. ఆ సంస్థను స్థాపించిన జాజ్ డ్రమ్మర్ జాన్ స్టీవెన్స్‌కు నివాళిగా ఆల్బమ్‌లోని చివరి రచనను అంకితం చేశారు. పాఠం చెప్పినవాడూ నేర్చుకున్నవాడూ ఒకే వేదిక మీద ఉండడం వల్ల కాబోలు, ఎవరి వాయిద్యమూ మరొకరి మీద పెత్తనం చేయదు.

ఇక మొదటి పాట. దాని పేరు 'నక్సలైట్'. అట్ట వెనక ఆ పేరు చూసినప్పుడు గుండె ఝల్లుమంది, ఎందుకంటే మాది కరీంనగర్ జిల్లా. 1990లలో మా ఊళ్లో ఆ మాటను బయట ఎవరూ పలికేవారు కాదు; "అన్నలు" అనేవారు, అదీ తలుపు వేశాక. అటువంటి మాటను బెంగాలీ మూలాలున్న ఒక లండన్ కుర్రవాడు గొంతెత్తి పాడుతుంటే మొదటి ఏడాదంతా ఒళ్లు పులకరించింది. తరువాత తరువాత ఆ పాటలో నాకు లోటు కనిపించసాగింది. మన జన నాట్య మండలి పాటల్లో కూలి రేటు, పటేలు, కొడుకును పోగొట్టుకున్న తల్లి ఉంటారు. ఇందులో ఉన్నది పోరాటపు గర్వం ఒక్కటే. పొద్దున్నే పేపరు తెరిచి ఎదురుకాల్పుల వార్తలో తెలిసిన ఊరి పేరు వెతుక్కున్నవారికి ఆ గర్వం దూరపు కొండల నునుపులా కనబడుతుంది. అయినా ఆ పాటలోని బేస్‌కు సాటివచ్చేది ఆల్బమ్‌లో మరొకటి లేదు. నేను ఇప్పటికీ దానితోనే మొదలుపెడతాను.

తాము బతికిన బ్రిటన్ గురించి పాడినప్పుడు మాత్రం వీరి మాట సూటిగా తగులుతుంది. 'ఫ్రీ సత్‌పాల్ రామ్' అందుకు ఉదాహరణ. బర్మింగ్‌హామ్‌లోని ఒక రెస్టారెంటులో తన మీద దాడి జరిగితే ఆత్మరక్షణ చేసుకున్నానని చెప్పినా, హత్యానేరం కింద జైలు పాలైన వ్యక్తి కోసం చేసిన పాట అది. ఆయన 2002లో విడుదలయ్యాడు. పని తీరిపోయిన పాట పాతబడాలి, ఇది పాతబడలేదు. జలియన్‌వాలాబాగ్ కాల్పుల నాటి పంజాబ్ గవర్నరు మైఖేల్ ఓడ్వయర్‌ను 1940లో లండన్‌లోని కాక్స్‌టన్ హాలులో కాల్చిచంపిన ఉధమ్ సింగ్ గురించిన 'అసాసిన్' కూడా అంతే బిగువుగా ఉంటుంది.

మధ్యలో 'హిపోక్రైట్', 'చార్జ్' వరుసగా రావడం నాకు నచ్చదు. రెండింటిలోనూ ఒకే కోపం, ఒకే ఎత్తు. కారులో ఆ చోటుకు వచ్చేసరికి చేయి తనంతట తానే వాల్యూమ్ మీదకు పోతుంది. 'చేంజ్' పాటను చాలా ఏళ్లుగా దాటేస్తున్నాను. 'డబ్ మెంటాలిటీ'కి మాత్రం కాలం గడిచేకొద్దీ విలువ పెరిగింది. అందులో ఊపిరి తీసుకోవడానికి చోటుంది.

కొత్తగా వినదలచినవారు మొదట 'బజిన్', తరువాత 'డబ్ మెంటాలిటీ' వినడం మంచిది. 'నక్సలైట్'ను మంచి బేస్ ఉన్న స్పీకర్లు దొరికేదాకా వాయిదా వేయండి. అపార్ట్‌మెంటులో ఉండేవారు రాత్రి తొమ్మిది తరువాత పెట్టకపోవడమే మేలు. మా కింది ఇంటాయన ఇప్పటికి రెండుసార్లు మెట్లెక్కి వచ్చాడు.