బెంగళూరులో నర్సింగా, సైకాలజీ కౌన్సెలింగా? ఏది మేలు?

ఇంటర్ బైపీసీ అయ్యి నీట్‌లో సీటు రాకపోతే అనంతపురం, చిత్తూరు, కర్నూలు పిల్లలు చాలామంది బెంగళూరు బస్సెక్కేస్తారు, ఎక్కువమంది బీఎస్సీ నర్సింగ్‌కే, ఈమధ్య సైకాలజీ చదివి కౌన్సెలర్ అవుతాం అనేవాళ్ళు కూడా కనిపిస్తున్నారు. నా మాటైతే ముందే చెప్పేస్తా, ఇంటికి తొందరగా ఆసరా అవ్వాల్సిన వాళ్ళకి ముందు నర్సింగే.

బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్ళు, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయితే ఏదో ఒక డ్యూటీ దొరుకుతుంది. ప్రైవేటులో మొదటి జీతం తక్కువే, హాస్టల్‌కి కట్టాక మిగిలేది కొంచెమే, కానీ పైకి దారులున్నాయి. ఎయిమ్స్ ఆస్పత్రులకి నర్సుల్ని తీసుకునే నార్సెట్ పరీక్ష కొడితే నర్సింగ్ ఆఫీసర్‌కి నెలకి బేసిక్ జీతమే 44,900, అమెరికా వెళ్ళాలంటే ఎన్‌క్లెక్స్ అనే లైసెన్స్ పరీక్ష రాయాలి, జర్మనీకైతే జర్మన్ భాష రావాలి.

కౌన్సెలింగ్‌కి డిగ్రీ, పీజీ కలిపి 5 ఏళ్ళు, అయినా క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తించిన ట్రైనింగ్ వేరే చెయ్యాలి, బెంగళూరులోని పెద్ద మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఆ సీటు కోసం పోటీ మామూలుగా ఉండదు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో మెంటల్ హెల్త్ నర్స్ ఎవరో రాసుంది, ఉత్త కౌన్సెలర్ గురించి అలా లేదు. సొంతంగా పెట్టుకుంటే క్లయింట్ రాని గంటకి డబ్బు రాదు.

కష్టం మాత్రం రెండిట్లోనూ ఉంది. నైట్ డ్యూటీలో ఒకళ్ళకి సెలైన్ అయిపోతుంటుంది, ఇంకొకళ్ళ బీపీ చూడాలి, మధ్యలో పేషెంట్ తాలూకు మనిషి వచ్చి డాక్టర్ ఎప్పుడొస్తాడని మీ మీదే అరుస్తాడు, తెల్లారి తర్వాతి డ్యూటీ వాళ్ళకి అప్పగించేదాకా కూర్చోవడం ఉండదు. కౌన్సెలర్‌కి నడుం నొప్పి ఉండదు గానీ రోజంతా విన్న ఏడుపు ఇంటిదాకా వస్తుంది, అది దించుకోవడానికి పైన ఒక సీనియర్ సూపర్‌వైజర్ ఉండాల్సిందే.

ఇక్కడ మన తెలుగుకి నిజంగా విలువుంది. రాయలసీమ నుంచి వచ్చిన పెద్దామె డిప్రెషన్ అని చెప్పదు, గుండెల్లో బరువుగా ఉంది, నిద్రే పట్టట్లేదు, అన్నం లోపలికి పోదు నాయనా అంటుంది, ఆ మాట అర్థమయ్యే మనిషి పక్కన ఉంటే సగం పని అయినట్టే. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడొచ్చు.

అందుకే మనసు సంగతులంటే ఇష్టమున్న పిల్లలకి నేను చెప్పేది ఒకటే, ముందు బీఎస్సీ చేసి కొన్నాళ్ళు వార్డులో పనిచేసి, సైకియాట్రిక్ నర్సింగ్‌లో డిప్లొమా గానీ 2 ఏళ్ళ ఎమ్మెస్సీ గానీ చెయ్యండి, సంపాదన ముందే మొదలవుతుంది, తర్వాత ఇష్టమైన పనీ దక్కుతుంది. ఇంట్లో ఐదారేళ్ళు చదివించగలిగే స్తోమత ఉండి, ఒకరి మాట ఓపిగ్గా వినడం మీకు సహజంగా వస్తే నేరుగా సైకాలజీకి వెళ్ళండి, అదీ మంచిదే.

ఏజెంట్ చెప్పాడని మాత్రం అడ్వాన్సు కట్టకండి, కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, పిల్లల్ని క్లినికల్ పోస్టింగ్‌కి, అంటే వార్డులో పని నేర్చుకోవడానికి, ఏ ఆస్పత్రికి పంపుతున్నారు అని అక్కడే చదివే సీనియర్లని అడిగి తెలుసుకోండి.